కొత్త తుంటి, బిగిసిన వెన్ను: ఒక శస్త్రచికిత్స చరిత్ర

ఒక ఆపరేషన్ విజయవంతమైందని ఎవరు చెప్పాలి? చేసిన డాక్టరా, ఎక్స్‌రే ఫిల్మా, లేక ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లిన మనిషా? ఇది అందరికీ సమాధానం తెలిసిన ప్రశ్నలాగే ఉంటుంది. కాని ఆ మూడో వ్యక్తిని ఒక పద్ధతి ప్రకారం, కాగితం మీద ప్రశ్నలు పెట్టి అడగడం వైద్యశాస్త్రం చాలా ఆలస్యంగా నేర్చుకుంది. ఆ కథను ఈ ప్రసంగంలో ఒక జబ్బునూ, ఒక శస్త్రచికిత్సనూ తీసుకుని చెప్పుకుందాం. జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. శస్త్రచికిత్స తుంటి కీలు మార్పిడి.

తుంటి మార్పిడి అనగానే మనకు గుర్తొచ్చేది అరవై డెబ్బై ఏళ్ల పెద్దలు. కీలు అరిగిపోతుంది, మార్చేస్తారు, నొప్పి పోతుంది, మళ్లీ నడుస్తారు. ఇది ఎంత బాగా కుదిరిందంటే, 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం దీన్ని శతాబ్దపు శస్త్రచికిత్స అనేసింది. ఆ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. అయితే పాతికేళ్ల యువకుడికి, వెన్నెముక మొత్తం ఒకే కర్రలా బిగిసిపోయిన మనిషికి ఇదే ఆపరేషన్ చేస్తే? అక్కడ బాగుంది, బాగోలేదు అనే మాటలకు అర్థమే మారిపోతుంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గ్రీకు భాషలో యాంకిలోస్ అంటే వంగినది, స్పాండిలోస్ అంటే వెన్నుపూస. సాధారణంగా పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు మొదలవుతుంది. వెన్నెముక కటి వలయాన్ని కలిసే చోట వాపు వస్తుంది. తెల్లవారుజామున నడుము పట్టేస్తుంది. విచిత్రమేమిటంటే ఈ నొప్పి విశ్రాంతితో పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాపు ఉన్న చోట కొత్త ఎముక పుడుతుంది. ఒక వెన్నుపూస పక్క వెన్నుపూసతో అతుక్కుంటుంది. ఎక్స్‌రేలో చూస్తే వెన్నెముక కణుపులున్న వెదురు బొంగులా కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు దాన్ని వెదురు వెన్ను అంటారు.

ఇది కొత్త జబ్బు కాదు. 1690 దశకంలో ఐర్లండ్‌కు చెందిన బెర్నార్డ్ కానర్ అనే వైద్యుడు ఫ్రాన్సులో దొరికిన ఒక అస్థిపంజరాన్ని వర్ణించాడు. దానిలో వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి ఎముకలు అన్నీ కలిసి ఒకే ఎముకగా మారిపోయాయి. రెండు వందల ఏళ్ల తర్వాత రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో స్ట్రుంపెల్, ఫ్రాన్సులో పియర్ మారీ ఒకరి వెనక ఒకరు దీన్ని బతికున్న రోగులలో వివరంగా రాశారు. వీరిలో పియర్ మారీ 1898లో పెట్టిన పేరును మనం కాస్త గమనించాలి. స్పాండిలోజ్ రైజోమెలిక్ అన్నాడాయన. రైజో అంటే వేరు, మెలోస్ అంటే అవయవం. చేతులు, కాళ్లు మొదలయ్యే చోట, అంటే భుజాలు, తుంటి కీళ్లను కూడా పట్టే వెన్ను జబ్బు అని ఆ పేరుకు అర్థం. తర్వాతి కాలంలో పేరులోంచి తుంటి జారిపోయింది. రోగుల శరీరాల్లోంచి మాత్రం జారిపోలేదు. ఈ జబ్బు ఉన్నవారిలో ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరికి తుంటి కూడా దెబ్బతింటుంది. అందులోనూ చాలామందికి రెండు వైపులా.

దాని పర్యవసానం ఏమిటో తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. నేల మీద పడిన పెన్ను తీయడానికి వంగండి. మీ నడుము కొంత వంగింది, తుంటి కొంత వంగింది, మోకాళ్లు కొంత సాయపడ్డాయి. వెన్ను బిగిసిపోయిన మనిషిలో నడుము వంతు పని కూడా తుంటి కీళ్లే చేస్తాయి. అందువల్ల వెన్ను పోయినా తుంటి బాగున్నంత కాలం అతను ఎలాగో నెట్టుకొస్తాడు. తుంటి కూడా బిగిసిందా, ఇక శరీరంలో వంగడానికి చోటే మిగలదు. వంగిన స్థితిలో తుంటి బిగిస్తే మనిషి నిటారుగా నిలబడలేడు. ఎదురుగా ఉన్నవారి ముఖం చూడటానికి కళ్లు పైకెత్తి చూడాలి. చాచిన స్థితిలో బిగిస్తే కుర్చీలో కూర్చోలేడు. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ముందున్న వయసులో ఇది జరుగుతుంది.

పాత చికిత్సల గురించి ఎక్కువ చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక్కటి మాత్రం వదలకూడదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య దశాబ్దాల్లో బ్రిటన్‌లో ఈ రోగుల వెన్నుకు ఎక్స్‌రే కిరణాలతో చికిత్స చేసేవారు. నొప్పి నిజంగానే తగ్గేది. రోగులు సంతోషించారు, డాక్టర్లూ సంతోషించారు. 1957లో కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ అనే ఇద్దరు పరిశోధకులు అలా చికిత్స పొందిన పదమూడు వేల మందికి పైగా రోగుల వివరాలు వెతికి తీశారు. వారిలో రక్త క్యాన్సర్ మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. రేడియేషన్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న జ్ఞానానికి ఈ అధ్యయనం ఒక మూలస్తంభం. మన విషయానికి ఇది చెప్పేది వేరే ఉంది. ఆరు నెలల తర్వాత రోగి చెప్పే సంతృప్తి, పదేళ్ల తర్వాతి నిజం ఒకటి కాకపోవచ్చు. ఆ జాగ్రత్తను గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం.

ఇక తుంటి. ఇది బంతిగిన్నె కీలు అని మీరు జీవశాస్త్రంలో చదివారు. తొడ ఎముక తల బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. రెండింటి మధ్యా నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. అది పాడైతే ఏం చేయాలి? బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ అనే సర్జన్ 1923లో బంతి మీద గాజు తొడుగు అమర్చి చూశాడు. గాజు నున్నగా ఉంది, శరీరం దాన్ని తిరస్కరించలేదు, కాని మనిషి బరువుకు పగిలింది. 1938 నాటికి వైటాలియం అనే మిశ్రమ లోహపు తొడుగు దగ్గరకు వచ్చాడు. ఇదే సర్జన్ 1945లో బిగిసిపోయిన వెన్నెముకను కోసి నిటారు చేసే ఆపరేషన్‌ను కూడా మరో ఇద్దరితో కలిసి ప్రచురించాడు. అంటే వంగిపోయిన మనిషిని నిలబెట్టే రెండు దారులూ, తుంటి దారీ వెన్ను దారీ, ఒకే మనిషి చేతుల మీదుగా నడిచాయి.

అదే 1938లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఫిలిప్ వైల్స్ ఒక అడుగు ముందుకేసి బంతిని, గిన్నెను రెంటినీ ఉక్కుతో చేసి మార్చాడు. ఎవరికో తెలుసా? వృద్ధులకు కాదు. చిన్నతనంలోనే కీళ్లవాతం వచ్చి కీళ్లు పాడైన ఆరుగురు రోగులకు. ముసలివారి ఆపరేషన్‌గా పేరుపడ్డ దీని తొలి ప్రయత్నాల్లో ఒకటి వాపుతో కూడిన కీళ్ల జబ్బు ఉన్నవారి మీదే జరిగింది. ఎందుకంటే వారికి పోగొట్టుకోవడానికి అంతకన్నా ఏమీ మిగల్లేదు. ప్రపంచయుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది.

యుద్ధం తర్వాత 1946లో పారిస్‌లో జూడే సోదరులు అక్రిలిక్ ప్లాస్టిక్ బంతిని ప్రవేశపెట్టారు. ఈ బంతి కొందరిలో కిర్రుమనేది. ఒక రోగి కదిలినప్పుడల్లా ఆ చప్పుడు భరించలేక అతని భార్య అదే గదిలో ఉండలేకపోయిందని ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ దృష్టికి వచ్చింది. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. చార్న్‌లీ ఆ కిర్రు చప్పుడులో రాపిడి సమస్యను విన్నాడు. కీలు తొందరగా ఊడిపోవడానికి కారణం రాపిడేనని తేల్చి, మాంచెస్టర్ దగ్గరలో ఒకప్పటి క్షయ ఆసుపత్రి అయిన రైటింగ్టన్‌లో తన ప్రయోగశాల పెట్టాడు. ఆయన చేసింది మూడు పనులు. బంతిని దాదాపు 22 మిల్లీమీటర్లకు తగ్గించాడు. చిన్న బంతి తిరిగితే రాపిడి వల్ల కలిగే మెలితిప్పే బలం తక్కువ. దంతవైద్యులు వాడే అక్రిలిక్ సిమెంటుతో భాగాలను ఎముకకు అతికించాడు. గిన్నెను టెఫ్లాన్‌తో చేశాడు.

మూడోది తప్పింది. దాదాపు మూడు వందల మందికి అమర్చిన తర్వాత టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కండరాల్లో ముద్దలు కట్టింది. చార్న్‌లీ అవన్నీ తానే తిరిగి తీయవలసి వచ్చింది. ఆ రోజుల్లో లాంకషైర్ నేత మగ్గాల్లో వాడే పళ్లచక్రాల కోసం ఒక కొత్త ప్లాస్టిక్ వచ్చింది. దాన్ని అమ్మడానికి వచ్చిన వ్యక్తి ఒక ముక్క ఇచ్చాడు. చార్న్‌లీ గోరుతో గుచ్చి చూసి ఇది పనికిరాదన్నాడు. ఆయన ఊళ్లో లేని రోజుల్లో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఆ ముక్కను యంత్రం మీద పెట్టి అరగదీస్తూ పోయాడు. అది అరగలేదు. అదే పాలిథిలిన్. 1962 నవంబరులో తొలిసారి రోగికి అమర్చారు. చార్న్‌లీ ఆ రెండు ప్లాస్టిక్కుల పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని ఏ ముక్క చుట్టూ వాపు వస్తుందో చూశాడు. మీరు మాత్రం అనుకరించకండి!

టెఫ్లాన్ దెబ్బ తర్వాత చార్న్‌లీ చాలా జాగ్రత్తపరుడయ్యాడు. ఈ ఆపరేషన్ వయసు పైబడిన వారికే తగినదనేవాడు. చనిపోయాక కృత్రిమ కీలును పరీక్షకు తిరిగి ఇవ్వాలని రోగుల దగ్గర ముందే అనుమతి తీసుకునేవాడు. పాతికేళ్ల రోగి విషయంలో లెక్క సులభంగానే అర్థమవుతుంది. కీలు ఇరవై ఏళ్లు నిలిచినా అతనికి అప్పటికి నలభై అయిదే. మళ్లీ మార్చాలి. రెండోసారి ఎముక తక్కువ ఉంటుంది, ఫలితం అంత బాగుండదు. ఆగితే మంచిదా? ఆగితే చదువు, ఉద్యోగం, సంసారం అన్నీ గడిచిపోయే ఆ ఇరవై ఏళ్లూ మంచం మీద, ఊతకర్రల మీద పోతాయి. ఈ తూకం ఏ యంత్రమూ వేయలేదు.

సరే, ఆపరేషన్ అయింది. బాగుందో లేదో కొలిచేదెలా? ఇక్కడ ఒక మనిషిని తలుచుకోవాలి. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఇరవయ్యో శతాబ్దపు రెండో దశకంలోనే, ప్రతి ఆసుపత్రి తన ప్రతి రోగినీ ఏడాది తర్వాత పిలిచి ఫలితం నమోదు చేసి అందరికీ చూపించాలన్నాడు. తన సొంత చిన్న ఆసుపత్రిలో చేసి చూపించాడు కూడా. 1911 నుంచి 1916 వరకు 337 మంది రోగుల ఫలితాలు, వాటిలో తన తప్పులతో సహా అచ్చువేశాడు. తోటి డాక్టర్లకు అది రుచించలేదని వేరే చెప్పనక్కర్లేదు. ఆయన ఆలోచన నిజంగా ఆచరణలోకి రావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

తుంటికి మార్కుల పద్ధతి 1954లో ఫ్రాన్సులో మెర్ల్ దోబినియే, పోస్టెల్ అనే వారు మొదలుపెట్టారు: నొప్పికి, కదలికకు, నడకకు ఒక్కోదానికి ఆరు మార్కులు. చార్న్‌లీ దాన్ని సవరిస్తూ రోగులను ఎ, బి, సి అని మూడు తరగతులు చేశాడు. ఒక తుంటి మాత్రమే పాడైనవారు ఎ. రెండు తుంటులూ పాడైనవారు బి. తుంటి కాక వేరే కారణం వల్ల కూడా నడక దెబ్బతిన్నవారు సి. అలా చేయడంలో తర్కం ఉంది. సి తరగతివారు సరిగా నడవకపోతే దానికి కృత్రిమ కీలు బాధ్యత కాదు కదా! కాని మన వెన్ను రోగులు ఎక్కువగా పడేది ఈ మూడో తరగతిలోనే. పరికరాన్ని కొలవడానికి పనికిరారని పక్కన పెట్టిన వరుసలో వారు చేరారు.

1969లో అమెరికాలో విలియం హ్యారిస్ నూరు మార్కుల పద్ధతి తెచ్చాడు. నేటికీ అది వాడుకలో ఉంది. లెక్కలంటే ఇష్టమున్నవారు దీన్ని చూడండి. నొప్పి లేకపోతే 44 మార్కులు. నడక, రోజువారీ పనులకు 47. వంకర లేకపోతే 4, కీలు కదలిక పరిధికి 5. రోజువారీ పనుల్లో చెప్పులు, సాక్సు వేసుకోవడానికి 4, కుర్చీలో కూర్చోవడానికి 5, బస్సు రైలు ఎక్కగలిగితే 1. ఇప్పుడు వెన్ను బిగిసిన యువకుడిని తీసుకోండి. రెండు తుంటులూ బ్రహ్మాండంగా కుదిరాయి. అయినా సాక్సు వేసుకోలేడు, ఎందుకంటే వంగవలసింది వెన్ను కూడా. దూరం నడవలేడు, ఎందుకంటే పక్కటెముకలు బిగిసి ఊపిరి చాలదు. తుంటి తప్పు ఏమీ లేకుండానే తుంటి మార్కులు పోతాయి. మరి అతను పదేళ్ల తర్వాత తొలిసారి వీధి చివరన వస్తున్న మనిషిని తల ఎత్తి పోల్చుకున్నాడే, దానికి ఎన్ని మార్కులు? ఆ గడి లేదు.

1976లో న్యూయార్క్ నుంచి ఒక ముఖ్యమైన నివేదిక వచ్చింది. దాని రచయితల్లో ఒకరు భారతదేశం నుంచి వెళ్లిన చిత్తరంజన్ రణావత్. 2000, 2001 సంవత్సరాల్లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మోకాళ్లకు ఆపరేషన్ చేసింది ఈయనే. ఈ జబ్బు ఉన్నవారి తుంటిని మార్చాక చుట్టూ కండరాల్లో మళ్లీ ఎముక పుట్టి కీలు బిగిసిపోతుందేమోనన్న భయం ఉండేది. ఆ నివేదికలో సగానికి పైగా తుంటులలో అలాంటి ఎముక కనిపించింది. అయినా నొప్పి తగ్గింది. తర్వాతి అధ్యయనాలు ఆ భయం కొంత అతిగా ఉందని చూపాయి. మందులతో గాని, ఆపరేషన్ సమయంలో ఒక చిన్న మోతాదు రేడియేషన్‌తో గాని దాన్ని చాలావరకు ఆపవచ్చు. ఒకప్పుడు వెన్నుకు హాని చేసిన కిరణమే ఇక్కడ కొలిచి వాడితే పనికొచ్చింది.

చార్న్‌లీ పనిచేసిన రైటింగ్టన్ నుంచే ఆ తర్వాత రెండు నివేదికలు వచ్చాయి. 1997 నాటిది యువరోగులది: 24 మందికి 43 తుంటులు. ఆపరేషన్ నాటికి సగటు వయసు ముప్పై లోపే. పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల వరకు వారిని గమనించారు. ఇరవై ఏళ్లు దాటాక కూడా పదింట ఏడు కీళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. చార్న్‌లీ భయపడ్డంత జరగలేదన్నమాట. 2002 నాటి రెండోది 103 మంది, 181 తుంటులు. నొప్పి విషయంలో 96 శాతం ఫలితం చాలా బాగుంది. పనిచేసే సామర్థ్యం దగ్గరకు వచ్చేసరికి ఆ అంకె చాలా కింద ఉండిపోయింది. ఈ మధ్యలో 2001లో బాత్ నగరంలోని వాతవ్యాధుల ఆసుపత్రి బృందం 340 మంది ఫలితాలు ప్రచురించింది. రోగులనే ప్రశ్నలతో అడిగారు. అక్కడా అంతే, నొప్పి గురించిన జవాబులు కదలిక గురించిన జవాబులకన్నా మెరుగ్గా ఉన్నాయి.

పైపైన చూస్తే ఇది సగం విజయం. నా అభిప్రాయం వేరు. మార్కుల పత్రం మామూలు మనిషిని నూరుగా పెట్టుకుని అక్కడి నుంచి కిందికి లెక్క వేస్తుంది. రోగి తాను నిన్న ఉన్న చోటు నుంచి పైకి లెక్క వేసుకుంటాడు. రెండు లెక్కలూ తప్పు కాదు. మొదలుపెట్టిన చోటు వేరు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయికి ఈ జబ్బు ఉంది. రెండు తుంటులూ మార్పించుకున్నాక ఒక పెళ్లిలో కనిపించాడు. ఎలా ఉన్నావురా అంటే, ‘పంక్తిలో కింద కూర్చుని తినలేను మాస్టారూ, కాని పంక్తికి వడ్డించగలను’ అని సాంబారు బకెట్ ఎత్తి చూపించాడు. హ్యారిస్ గారి పద్ధతిలో అతనికి డెబ్బై అయిదు దాటవేమో. అతని ముఖంలో ఉన్నది డెబ్బై అయిదు మార్కుల ముఖం కాదు.

అలాగని రోగి మాటే అంతిమ సత్యమనడం కూడా తొందరపాటే. మన దేశంలో సంగతి మీకు తెలిసిందే. డాక్టరుగారు ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడిగితే ‘మీ దయవల్ల బాగానే ఉందండీ’ అంటాం. బయటికొచ్చి ఇంట్లోవాళ్లతో వేరే చెబుతాం. అందుకే పరిశోధకులు సర్జన్ లేని చోట, కాగితం మీద, నిర్దిష్టమైన ప్రశ్నలతో అడగాలన్నారు. 1994లో బాత్ బృందం వెన్ను రోగుల కోసం పది ప్రశ్నల పట్టిక చేసింది. సాయం లేకుండా సాక్సు వేసుకోగలరా? నేల మీది పెన్ను తీయగలరా? వెల్లకిలా పడుకున్నవారు నేల మీది నుంచి లేవగలరా? ఒళ్లు తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి చూడగలరా? వీటిలో కొన్నిటిని కొత్త తుంటి మారుస్తుంది. చివరిదాన్ని ఎంత గొప్ప తుంటీ మార్చలేదు, అది మెడ పని. ఈ తేడా ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పకపోతే తర్వాత నిరాశ తప్పదు. సంతృప్తి అనేది ఫలితం ఒక్కదాని మీదే కాదు, ముందు పెట్టుకున్న ఆశ మీద కూడా ఆధారపడుతుందని తుంటి రోగులను అడిగి చేసిన అధ్యయనాలు చూపాయి.

1996లో ఆక్స్‌ఫర్డ్‌లో పన్నెండు ప్రశ్నల తుంటి పట్టిక వచ్చింది. సర్జన్ కొలతలు ఏమీ ఉండవు, అన్నీ రోగి చెప్పేవే. స్వీడన్ 2002లో తన జాతీయ తుంటి రిజిస్టరులో రోగుల జవాబులను చేర్చడం మొదలుపెట్టింది. ఇంగ్లండు 2009 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఖర్చుతో తుంటి మార్పించుకునే వారందరికీ ఇలాంటి పట్టిక ఇస్తోంది. కాడ్‌మన్ అడిగిన దానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

మన దేశానికి వస్తే, ఈ పట్టికలన్నీ కుర్చీలు, సాక్సులు, బాత్‌టబ్బులు ఉన్న దేశాల్లో పుట్టినవని గుర్తించాలి. నేల మీద బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం, మన పాతకాలపు మరుగుదొడ్డి, ఇవేవీ వాటిలో లేవు. పరికరం ఒక సంస్కృతిలో పుట్టి మరో సంస్కృతికి వస్తే ఏమవుతుందో జైపూర్‌లో ప్రమోద్ కరణ్ సేథీ, రామచంద్ర శర్మ 1960 దశకం చివరలోనే చూశారు. విదేశీ కృత్రిమ పాదంతో రైతు గొంతుకూర్చోలేడు, పొలంలో దిగలేడు. అందుకే జైపూర్ కాలు పుట్టింది. తుంటి విషయంలోనూ ఇదే చిక్కు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన గర్డిల్‌స్టోన్ పేరుతో ఒక పాత ఆపరేషన్ ఉంది. పాడైన బంతిని తీసేసి అలాగే వదిలేస్తారు. కాలు పొట్టిదవుతుంది, కుంటు వస్తుంది, కాని నేల మీద కూర్చోవచ్చు. కృత్రిమ కీళ్లు అందుబాటులో లేని రోజుల్లో మన సర్జన్లు దీన్ని చాలామందికి చేశారు. కుంటినా సరే, కింద కూర్చోగలిగితే చాలనుకున్నవారు తక్కువేమీ కాదు.

2008లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్జన్లు ప్రచురించిన అధ్యయనంలో 54 మందికి 92 తుంటులు మార్చారు. అన్నీ పూర్తిగా ఎముకగా అతుక్కుపోయిన కీళ్లే. రోగుల సగటు వయసు పాతిక. బ్రిటన్ రోగులు నలభై దాటాక వస్తుంటే మనవాళ్లు పాతికకే, అదీ పూర్తిగా బిగిశాక వస్తున్నారంటే ఆ మధ్య ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. జబ్బు ఆలస్యంగా తెలుస్తోంది. నడుం నొప్పే కదా అని ఏళ్ల తరబడి తైలాలు, మాత్రలతో గడిపేస్తున్నారు. 1973లోనే లండన్, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఈ జబ్బుకు హెచ్‌ఎల్‌ఎ-బి27 అనే జన్యు లక్షణంతో దగ్గర సంబంధం ఉందని కనుక్కున్నారు. ఆ లక్షణం ఉన్నవారిలో చాలామందికి జబ్బు రాదు. అయినా పొద్దున్నే పట్టేసి కదిలితే తగ్గే నడుం నొప్పి మూడు నెలలు దాటి ఉన్న యువకుడికి అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది. ఈ శతాబ్దం మొదటి నుంచి వాపును మూలంలో అణచే కొత్తరకం ఇంజెక్షన్లు వచ్చాయి. 2014 చివరలో వాటిలో ఒకదాని దేశీయ రూపం మన మార్కెట్లోకి వచ్చాక ధర కొంత దిగింది. తుంటి పాడవకముందే ఆపగలిగితే ఈ ప్రసంగంలో సగం అవసరం ఉండదు.

పాడైపోయినవారి విషయంలో ఒక సాంకేతిక సంగతి మిగిలింది. 1978లో అమెరికాలో కొందరు సర్జన్లు కృత్రిమ గిన్నెను ఏ కోణంలో అమర్చితే బంతి జారిపోదో లెక్కగట్టారు. పక్కకు 40 డిగ్రీలు, ముందుకు 15 డిగ్రీలు, అటూ ఇటూ పది డిగ్రీల తేడా ఫరవాలేదు. మామూలు మనిషి నిలబడి ఉన్నవాడు కూర్చుంటే కటి వలయం ఇరవై డిగ్రీల వరకు వెనక్కి వాలుతుంది. గిన్నె కూడా దానితోపాటు తిరిగి తొడకు చోటు ఇస్తుంది. వెన్ను, కటి ఒకటై బిగిసిపోయిన మనిషిలో ఈ వాలు ఉండదు. అతని గిన్నె నిలబడినా కూర్చున్నా ఒకే దిక్కు చూస్తుంది. కూర్చోవడానికి అనువుగా పెడితే నిలబడి వెనక్కి వంగినప్పుడు బంతి ముందుకు జారే ప్రమాదం. నిలబడటానికి అనువుగా పెడితే కుర్చీలో ముందుకు వంగినప్పుడు వెనక్కి జారే ప్రమాదం. అందుకని సర్జన్లు ఇప్పుడు నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి పక్కనుంచి ఎక్స్‌రేలు తీస్తున్నారు. రోజంతా కౌంటర్లో కూర్చుని పనిచేసే మనిషా, దుకాణంలో నిలబడి పనిచేసే మనిషా అని ఆపరేషన్‌కు ముందే అడుగుతున్నారు. ఆ జవాబును బట్టి గిన్నె కోణంలో కొన్ని డిగ్రీలు మారతాయి.